మామ కాలు, మన మైపాడు సీసా

నెల్లూరు,
ఆదివారం, మధ్యాహ్నం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయలేకపోయినందుకు మన్నించు. ఇంట్లో అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నవాడిని బడిలో చేర్చాం. ఇక అసలు సంగతికి వస్తాను. చీమకుర్తి మామ కాలి గురించి నీకు తప్ప మరెవరికి చెప్పినా నా మనసు తీరదు.

పోయిన నెల క్వారీలో రాతి పలక అంచు తగిలి ఆయన పిక్క చీరుకుపోయింది. మూడు రోజులకే వాపు, సలపరం, చీము, జ్వరం వచ్చాయి. ఊళ్లో ఎవరో సెఫిక్సిమ్ బిళ్లలు ఇచ్చి, ఇది సెఫలోస్పోరిన్ అనే యాంటీబయాటిక్ జాతిలో మూడో తరం మందు కాబట్టి పాతవాటికన్నా గట్టిగా పనిచేస్తుందని చెప్పారట. ఐదు రోజులు మింగిన తరువాత నేను వెళ్లి చూసేసరికి ఎరుపు మోకాలి దాకా పాకింది. ఆ అట్ట చూడగానే నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. తరం పెరగడమంటే బలం పెరగడం కాదు. మూడో తరంలో చాలా మందులు గ్రామ్ నెగటివ్ అనే తరగతి బాక్టీరియా (టైఫాయిడ్ తెచ్చేది అలాంటిదే) మీద పట్టు సంపాదించినా, చీము పుండ్లు తెచ్చే స్టాఫిలోకాకస్ (స్టాఫ్) మీద మొదటి తరానికి సాటి రావు. వాటిలోనూ సెఫిక్సిమ్ మరీ బలహీనం, ఎందుకంటే స్టాఫ్ తన కణకవచాన్ని కట్టుకునే ప్రోటీన్లను అది సరిగా పట్టుకోలేదు. టైఫాయిడ్‌కు పనికివచ్చే మందును చీము పుండుకు వాడారు!

వెంటనే నెల్లూరు తీసుకువచ్చాను. డాక్టరు గారు గాటు పెట్టి చీము తీసి, అందులో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపారు. వచ్చింది స్టాఫిలోకాకస్ ఆరియస్. పరీక్ష పళ్లెంలో పెట్టిన సెఫాక్సిటిన్ మందు బిళ్ల చుట్టూ సూక్ష్మజీవి పెరగని 26 మిల్లీమీటర్ల ఖాళీ వలయం కనిపించింది. 22 ఉంటే చాలునని నీకు తెలుసు. అంటే మెథిసిలిన్ అనే పెన్సిలిన్ జాతి మందుకు లొంగేదే, కాబట్టి పాత సెఫలోస్పోరిన్‌కూ లొంగుతుంది. అప్పుడు డాక్టరు గారు రాసిన మందు మొదటి తరపు పాత సెఫలెక్సిన్, 500 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకటి. వారం తిరిగేసరికి వాపు తీసి, ఎరుపు చీలమండ పైకి కుదించుకుపోయింది. చీము తీయడం వల్లనే సగం మేలు జరిగిందని నేను ఒప్పుకుంటాను, కానీ మిగతా సగం ఆ పాత మందుదే.

మామకు ఒక్కటే అనుమానం: అదివరకు రోజుకు రెండు బిళ్లలు సరిపోతే, ఇప్పుడు నాలుగెందుకు? సెఫిక్సిమ్ పేగులోంచి సగం కూడా ఒంటికి పట్టదు, కానీ దాని అర్ధాయువు, అంటే రక్తంలో సగానికి తగ్గే సమయం, మూడు నాలుగు గంటలు. సెఫలెక్సిన్ దాదాపు పూర్తిగా పట్టి, గంటలోనే సగానికి తగ్గి, మారకుండా మూత్రంలో పోతుంది. ఇదంతా ఆయనకు ఎలా చెప్పను? చివరికి వరిమడి మాట ఎత్తాను. ఒక్కసారి గట్లు తెగేలా నీరు పెట్టడం కన్నా, పైరు మొదళ్ల దగ్గర నీరు ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం కదా మామా, ఈ జాతి మందులూ అంతే, రక్తంలో ఎంత ఎత్తుకు లేచాయన్నది కాదు, సూక్ష్మజీవిని ఆపే మోతాదుకు పైన ఎన్ని గంటలు నిలిచాయన్నదే లెక్క అన్నాను. "అట్టయితే తడి ఆరనీయకూడదు" అని, ఆనాటి నుంచి అర్ధరాత్రి బిళ్ల కూడా తప్పలేదు.

అన్నట్టు, ఉదయగిరి బస్సులో మనం వాదించుకున్న సెఫ్ట్రయాక్సోన్ అనే మూడో తరం సూదిమందు సంగతి. ఎనిమిది గంటల అర్ధాయువు ఉండి రోజుకొక్క సూదితో సరిపోతుందని నువ్వు దాన్ని ఎంత మెచ్చుకున్నా, రక్తంలో తొంభై శాతం దాకా ప్రోటీన్లకే అంటుకుని ఉంటుంది కనుక, స్టాఫ్ మీద పనిచేసే ఆ మిగిలిన స్వేచ్ఛా భాగం చాలుతుందా అని నాకు... దీని మీద మనం కూర్చుని మాట్లాడాలి. మొదటి తరపు సూదిమందు సెఫజోలిన్ కూడా ఎనభై శాతం అంటుకునేదే, అయినా స్టాఫ్ మీద దానికి ఎదురులేదు. కాబట్టి అంటుకోవడం ఒక్కటే కారణం కాదు.

1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో బ్రోట్జు అనే శాస్త్రవేత్త మురుగునీరు సముద్రంలో కలిసేచోట ఈ సెఫలోస్పోరిన్లకు మూలమైన బూజును పట్టుకున్నాడని చదివిన రోజున నువ్వు మైపాడు తీరంలో సముద్రపు నీటితో నింపిన సీసా ఇంకా నా బీరువాలోనే ఉంది. మూత తీయలేదు, ఒట్టు.

మామ కట్టు మార్పించుకోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇక్కడితో ఆపుతున్నాను; సెఫెపిమ్ అనే నాలుగో తరం మందు గురించి నువ్వు అడిగినదానికి జవాబు వచ్చే ఉత్తరంలో.

నీ
మైపాడు కాపలాదారు