ఔట్‌బోర్డు మోటారు మరమ్మతులో జరిగిన సేవాలోపంపై ఫిర్యాదు

భీమునివారిపాలెం రేవు,
తడ మండలం, తిరుపతి జిల్లా.
తేదీ: 8 డిసెంబరు 2025

కస్టమర్ సేవా విభాగం అధికారి గారికి,

విషయం: యాక్సిలరేటరు పెంచితే బలం కోల్పోతున్న మోటారును నీటి మీద పరీక్షించకుండానే విడిభాగాలు మార్చి డబ్బు వసూలు చేయడం గురించి.

అయ్యా,

నేను పులికాట్ సరస్సులో భీమునివారిపాలెం నుంచి ఇరకం దీవికి మనుషులనూ సరుకులనూ చేరవేసే పడవ నడుపుతున్నాను. మీ కంపెనీ తయారుచేసిన పదిహేను హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారును 2008లో కొన్నాను. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు చొప్పున కొలిచి కలపడం, ఉప్పునీళ్ళలో తిరిగి వచ్చిన ప్రతి సాయంత్రం మంచినీళ్ళతో కడగడం నేనెన్నడూ మానలేదు. పదిహేడేళ్ళు మా కుటుంబాన్ని పోషించిన ఆ మోటారు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా తిరుపతిలోని మీ అధీకృత సర్వీసు కేంద్రం దానికి చేసిన వైద్యం గురించే.

గత అక్టోబరు మొదటి వారంలో మోటారుకు ఒక తేడా వచ్చింది. స్టార్టు కావడంలో ఇబ్బంది లేదు, హ్యాండిలును సగం వరకు తిప్పితే మామూలుగానే నడిచేది. ముక్కాలు వంతు దాటించగానే ఒక నిమిషం బాగా లాగి, తర్వాత శబ్దం బరువెక్కి, ఊపిరి అందని మనిషిలా కుంగిపోయేది. హ్యాండిలు వెనక్కి తిప్పితే కాసేపటికి తేరుకునేది. ఖాళీ పడవతో వెళ్ళినప్పుడు ఈ తేడా అంతగా తెలిసేది కాదు గానీ మనుషులు ఎక్కి, ఎదురుగాలి తగిలితే తప్పకుండా వచ్చేది. అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం పదకొండు మందితో దీవి నుంచి తిరిగి వస్తుండగా ఈశాన్యపు గాలి లేచింది. మోటారు కుంగిపోవడంతో పడవ గాలికి అడ్డం తిరిగింది. సరస్సు లోతు తక్కువ కాబట్టి గెడలు వేసుకుంటూ ఒడ్డుకు చేరగలిగాము. ఆ పడవలో ఆసుపత్రికి బయలుదేరిన ఒక పెద్దాయన కూడా ఉన్నారు. పడవ తప్ప వేరే దారి లేని ఊరివాళ్ళకు మోటారు నమ్మకంగా నడవడం ఎంత అవసరమో మీకు చెప్పనక్కరలేదు.

అప్పటికే ఒకసారి, ఆ తర్వాత మరో రెండుసార్లు మోటారును ట్రాలీ ఆటోలో ఎక్కించి, శ్రీకాళహస్తి మీదుగా మీ సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళాను. మొదటిసారి ప్లగ్గులు మార్చి, కార్బురేటరు విప్పి శుభ్రం చేసి 3,850 రూపాయలు తీసుకున్నారు. పాత మోటారు కనుక ముందు కార్బురేటరును అనుమానించడం న్యాయమే, ఆ బిల్లు మీద నాకు పేచీ లేదు. రెండోసారి ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే సీడీఐ యూనిట్టూ ఇగ్నిషన్ కాయిలూ పోయాయని చెప్పి, రెండూ మార్చి 14,600 రూపాయలు కట్టించుకున్నారు. అవి పోయినట్లు ఏ మీటరుతో పరీక్షించారో చెప్పలేదు, పాత భాగాలను నాకు తిరిగి ఇవ్వలేదు. మూడోసారి తనిఖీ రుసుము పేరిట 1,200 రూపాయలు తీసుకుని, ఇంజను అరిగిపోయిందనీ, పిస్టన్లూ రింగులూ మార్చి కొత్తగా కట్టాలంటే 62,000 రూపాయలు అవుతుందనీ, దానికంటే కొత్త మోటారు కొనుక్కోవడం మేలనీ సలహా ఇచ్చారు. సిలిండరులో కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కే ఒత్తిడి, ఎంత ఉందో చూసే గేజీని ఆ రోజు ఎవరూ చేతిలోకి తీసుకోలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మూడుసార్లూ మోటారును నీళ్ళు నింపిన డ్రమ్ముకు తగిలించి నడిపి చూశారు. డ్రమ్ములో అది ఎంత పెంచినా చక్కగా తిరిగింది. 'చూశారా, బాగుంది గదా' అని బిల్లు చేతికి ఇచ్చారు. పడవ బరువు లాగేటప్పుడు, ఎక్కువ పెట్రోలు కావలసినప్పుడు మాత్రమే వచ్చే లోపం డ్రమ్ములో కనబడదు. ఈ మాట మీ సిబ్బందికి నేను రెండుసార్లు చెప్పాను. కనీసం ఒకసారి రేవుకు వచ్చి పడవకు బిగించి చూడమని బతిమాలాను. రాకపోకల ఖర్చు భరిస్తానన్నా ఒప్పుకోలేదు.

చివరకు పడవ ఇంజన్లు విప్పి బిగించడంలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మా పెద్దబావ నవంబరు 23న మా రేవుకు వచ్చారు. సంగతంతా విని, 'తొట్టిలో తిరిగే ఇంజన్ను చూస్తే ఏం తెలుస్తుంది అబ్బయా, బరువు మీద చూడాల' అని నలుగురిని పడవలో ఎక్కించి సరస్సులోకి తీసుకువెళ్ళారు. మోటారు కుంగినప్పుడు రొద పెరగకుండా తగ్గుతోంది కాబట్టి ప్రొపెల్లరు లోపలి రబ్బరు బుష్ జారడం కాదన్నారు. చల్లబరిచే నీటి ధార సరిగానే వస్తోంది. పెట్రోలు డబ్బా మూతకున్న గాలి రంధ్రం తెరిచే ఉంది. పక్క పడవవాళ్ళ డబ్బా, పెట్రోలు పైపు, దాని మధ్యనుండే చేతి పంపులాంటి రబ్బరు బల్బు తెచ్చి తగిలించినా అదే తీరు, అంటే తప్పు డబ్బాలోనూ పైపులోనూ లేదు. తర్వాత మళ్ళీ పూర్తిగా తిప్పి, మోటారు కుంగడం మొదలుపెట్టగానే ఆ బల్బును చేత్తో నొక్కుతూ ఉండమని నాకు చెప్పారు. మూడోసారి నొక్కేసరికి మోటారు ఒక్కసారిగా లేచి పడవను ముందుకు లాగింది. నొక్కినంతసేపూ నిండు బలంతో పోయింది, ఆపగానే మళ్ళీ కుంగింది. మధ్యలో బల్బు ముడుచుకుపోలేదు, బుడగలూ రాలేదు, అంటే డబ్బా వైపు అడ్డంకి గానీ గాలి చొరబడటం గానీ లేదు.

నిప్పురవ్వ లోపమైతే బల్బు నొక్కినందువల్ల మోటారు కోలుకోదు. పెట్రోలును పైకి తోడే పంపు తన పని తాను చేయలేకపోతోందని అక్కడికక్కడే తేలిపోయింది. ఒడ్డుకు వచ్చి నాలుగు స్క్రూలు విప్పి చూస్తే, మెత్తగా సాగవలసిన డయాఫ్రం పాత ప్లాస్టిక్ కాగితంలా బిర్రబిగిసి, అంచున వెంట్రుకంత చీలిక కనబడింది. క్రాంక్‌కేసులో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఊగుతూ పెట్రోలు తోడవలసిన పొర అది. నెమ్మదిగా పోయేటప్పుడు చాలినంత తోడింది, వేగం పెంచితే తోడలేకపోయింది. చెన్నై నుంచి తెప్పించిన 650 రూపాయల పంపు కిట్టు వేయగానే మోటారు మునుపటిలా లాగింది. ఆ సాయంత్రమే కంప్రెషన్ చూస్తే ఒక సిలిండరులో 115, రెండోదానిలో 118 పీఎస్ఐ వచ్చింది. ఇది కొత్తగా కట్టవలసిన ఇంజను అని మీ కేంద్రం ఏ ఆధారంతో చెప్పిందో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

డబ్బు పోయినందుకంటే నన్ను ఎక్కువ బాధించిన సంగతి ఇంకొకటి ఉంది. రెండోసారి మోటారు తిరిగి ఇచ్చేటప్పుడు, కార్బన్ పోవడానికి కొన్నాళ్ళు పూర్తి వేగం మీదనే తిప్పమని మీ సిబ్బంది చెప్పారు. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిలు అందేది పెట్రోలుతోనే. పెట్రోలు చాలనప్పుడు ఆయిలూ చాలదు, ఆ స్థితిలో పూర్తి వేగం మీద నడిపితే పిస్టన్ వేడెక్కి సిలిండరుకు పట్టేస్తుంది. నేను భయపడి ఆ సలహా పాటించలేదు కనుకనే ఈ రోజు ఇంజను మిగిలింది. బావగారు విప్పి చూపించిన ప్లగ్గుల మొనలు అతిగా వేడెక్కిన గుర్తుగా అప్పటికే తెల్లబారి ఉన్నాయి.

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుందనీ, పాతకాలపు రబ్బరు భాగాలను పాడుచేస్తుందనీ మీకు నాకంటే బాగా తెలుసు. పాత మోటార్లు వాడుతున్నవారికి డయాఫ్రం, పైపులు, బల్బు తరచూ చూసుకోమని ఒక్క ముక్క చెప్పినా మాలాంటివాళ్ళకు ఎంతో మేలు జరిగేది.

కాబట్టి సీడీఐ, కాయిలు మార్చినందుకు తీసుకున్న 14,600 రూపాయలు, తనిఖీ రుసుము 1,200 రూపాయలు, రెండు, మూడోసార్ల రవాణాకు నేను పెట్టిన 5,000 రూపాయలు, మొత్తం 20,800 రూపాయలు తిరిగి చెల్లించగలరు. సీడీఐ నిజంగానే పోయిందని మీ కేంద్రం అంటే, ఆ పాత యూనిట్టును, పరీక్ష వివరాలను నాకు పంపండి. అది చెడిపోయిందని రుజువైతే ఆ 14,600 రూపాయలు అడగను. బరువు మీద బలం తగ్గుతోందని వచ్చిన ఏ మోటారునైనా నీటి మీద నడిపి చూడకుండా విడిభాగాలు మార్చవద్దనీ, తీసిన పాత భాగాలను యజమానికి అప్పగించాలనీ మీ సర్వీసు కేంద్రాలన్నిటికీ రాతపూర్వకంగా ఆదేశించండి. పంపు కిట్టును తిరుపతి కేంద్రంలో నిల్వ ఉంచండి. నాకు అది అక్కడ దొరకలేదు, చెన్నై నుంచి తెప్పించుకోవలసి వచ్చింది.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలియజేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపంపై జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. మూడు బిల్లుల నకళ్ళు, చీలిన డయాఫ్రం ఫొటో, బల్బు నొక్కినప్పుడు మోటారు కోలుకోవడం కనబడే వీడియో జతపరిచాను. డయాఫ్రం నా దగ్గరే భద్రంగా ఉంది, మీ ఇంజనీరు ఎప్పుడు వచ్చినా చూపిస్తాను. నా ఫోన్ నంబరు మీ బిల్లుల మీద ఉంది. ఉదయమంతా సరస్సులో ఉంటాను, మధ్యాహ్నం రెండు దాటాక మాట్లాడగలను.

ఇట్లు,
భవదీయుడు,
పడవ యజమాని, భీమునివారిపాలెం