ఎండకు వంగే డిష్

సంపాదకులకు,

రేడియో టెలిస్కోపులు 'ఎండా వానా లెక్కచేయకుండా రాత్రింబవళ్లు పనిచేస్తాయి' అని మీ ఆదివారం సైన్స్ పేజీలో రాశారు. 21 సెంటీమీటర్ల తరంగాలకైతే ఆ మాట చాలావరకు చెల్లుతుంది. పుణే దగ్గర ఖొడద్‌లోని 45 మీటర్ల డిష్‌లకు రేకులే లేవు, స్టీలు తీగల వల కట్టారు. ఆ తరంగాల దగ్గర ఉపరితలం సగటున 5 మిల్లీమీటర్లు అటూఇటూ ఉన్నా సిగ్నల్ 90 శాతం దక్కుతుంది.

3 మిల్లీమీటర్ల తరంగాల దగ్గర ఆ వెసులుబాటు లేదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ డిష్ కొలత 100 × 110 మీటర్లు. 2,004 అల్యూమినియం ప్యానెళ్లు, వాటి మూలల కింద 2,209 మోటార్లు. ఉపరితలం తప్పును బట్టి సిగ్నల్ ఎంత మిగులుతుందో చెప్పే రూజ్ సూత్రంలో వేసి చూడండి: సగటు తప్పు 0.24 మిల్లీమీటర్లయితే మిగిలేది 36 శాతం, 0.30 అయితే 21 శాతమే. వెంట్రుక మందమంత తేడాకే ఇంత నష్టం.

100 మీటర్ల ఉక్కు ఒక్క డిగ్రీకి 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతా సమంగా సాగితే పెద్ద గొడవ లేదు, ఫోకస్ జరిపితే సరి. ఎండ ఒక పక్కే పడుతుంది. సన్నని కమ్మీలు ముందే వేడెక్కుతాయి, లావు దూలాలు వెనకబడతాయి. వంకర అక్కడే వస్తుంది.

ఆ వంకరను లేజర్ స్కానరుతో కొలవచ్చు కదా అంటారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 50 మీటర్ల దూరం కొలతలో సుమారు 50 మైక్రాన్లు తేడా పడుతుంది, పైగా స్కానరూ వేడెక్కుతుంది. అందుకే ఒంటి స్కాన్‌ను నమ్మకూడదు. రాత్రి ఒక ప్రకాశవంతమైన క్వేసార్‌ను (చుక్కలా కనబడే దూరపు గెలాక్సీ కేంద్రం) ఫోకస్‌లోనూ, ఫోకస్ తప్పించీ చూసి ఉపరితలం సరిచేస్తారు. వెంటనే స్కాన్ తీసి దాన్ని ప్రమాణంగా ఉంచుకుంటారు. పగటి స్కాన్‌లోంచి దాన్ని తీసివేస్తే స్కానరు సొంత తప్పులు చాలావరకు పోతాయి. రెండూ డిష్ ఒకే ఎత్తు కోణంలో ఉండగా తీయాలి, లేకపోతే దాని సొంత బరువుకు వచ్చే వంపు లెక్కలో కలుస్తుంది. మిగిలిన తేడాలో పెద్ద వంపులను మాత్రమే పట్టుకుని మోటార్లను వాటికి వ్యతిరేక దిశలో జరుపుతారు. పద్ధతి పనిచేస్తోందా అంటే, మోటార్లతో కావాలని తెలిసిన వంపు ఒకటి పెట్టి స్కాన్‌లో అంతే కనబడుతుందేమో చూడాలి.

స్కాన్ మధ్యలో మబ్బు అడ్డొచ్చిపోతే సగం వేడి ఆకారం, సగం చల్లటి ఆకారం ఒకే బొమ్మలో పడతాయి; అది పారేయాల్సిందే. పొగమంచూ, చినుకులూ ఉన్నా అంతే. గాలికి ఈ మందు లేదు. స్కాన్‌కు నిమిషాలు పడుతుంది, గాలి క్షణాల్లో మారుతుంది. అది తగ్గేదాకా 3 మిల్లీమీటర్లు పక్కనపెట్టి పొడవైన తరంగాల పని చూసుకుంటారు.

భవదీయుడు,
ఒక రేడియో ఇంజనీరు, హైదరాబాద్