విదేశీయుల బిల్లు: తిప్పి పంపితే కారణం రాసివ్వండి

కేంద్ర హోం మంత్రి శ్రీ అమిత్ షా గారికి,

నమస్కారం. ఇమిగ్రేషన్, విదేశీయుల బిల్లు 2025 మార్చి 27న లోక్‌సభలో గట్టెక్కింది. ఇక రాజ్యసభకు రావాలి. ఆ రోజు సభలో మీరు "ఈ దేశం ధర్మశాల కాదు" అన్నారు. నిజమే, కాదు. ఎవరొస్తున్నారో, ఎందుకొస్తున్నారో తెలుసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. 1920, 1939, 1946 నాటి చట్టాలను, 2000లో వచ్చిన ఇంకో చట్టాన్ని తీసేసి ఒక్కటే తేవడం మీద నాకేం పేచీ లేదు. పేచీ అంతా మూడో క్లాజుతోనే.

దేశ భద్రతకు ముప్పు అనుకున్న విదేశీయుణ్ని రానివ్వకూడదని ఆ క్లాజు చెబుతోంది. బాగుంది. విదేశాలతో సంబంధాలు, ప్రజారోగ్యం కూడా చేర్చారు, సరే. ఆ వెంటనే కేంద్రం చెప్పే "ఇతర కారణాలు" కూడా అన్నారు. అంటే ఏవైనా కావచ్చు. ఆపైన ఇమిగ్రేషన్ అధికారి మాటే ఆఖరి మాటట. అప్పీలు ఊసే లేదు.

ఇంత అధికారం లేకపోవడం వల్లే ఉగ్రవాదులు లోపలికొచ్చారా? తర్వాత జైషే మహ్మద్ ఉగ్రసంస్థను పెట్టిన మసూద్ అజర్ 1994లో పోర్చుగల్ పాస్‌పోర్టుతో ఢిల్లీ విమానాశ్రయంలో దిగాడు. పోర్చుగీసువాడిలా లేవే అని అధికారి అంటే, పుట్టుకతో గుజరాతీనని చెప్పాడట. ముద్ర పడిపోయింది. అనుమానమూ వచ్చింది, ఆపే అధికారమూ అప్పటి చట్టంలో ఉంది. సరిచూసుకునే ఏర్పాటే లేకపోయింది.

హెడ్లీ సంగతి ఇంకా దారుణం. దావూద్ గిలానీ 2006లో డేవిడ్ కోల్మన్ హెడ్లీగా పేరు మార్చుకుని, అమెరికా పాస్‌పోర్టు మీద, మనమిచ్చిన వీసాతోనే ముంబైకి పలుమార్లు వచ్చి రెక్కీ చేసి వెళ్లాడు. ఆ రెక్కీ సాయంతో 2008లో 26/11 ముంబై దాడులయ్యాక, 2009 మార్చిలో, మళ్లీ వచ్చి వెళ్లాడు! అది బయటపడ్డాక అప్పటి ప్రభుత్వం ఏం చేసింది? టూరిస్టు వీసాపై వచ్చి వెళ్లినవాళ్లు రెండు నెలలదాకా తిరిగి రాకూడదంది. నేపాలో శ్రీలంకో చూసి వెనక్కి వద్దామనుకున్న మామూలు టూరిస్టులు అవస్థ పడ్డారు. రెక్కీకి వచ్చేవాడికి రెండు నెలలు ఆగడం ఒక లెక్కా? 2012లో చాలా దేశాలవాళ్లకు ఆ నిబంధన ఎత్తేశారు.

పాత పేరు, తండ్రి పేరు, వేలిముద్రలు వీసా ఇచ్చే ఆఫీసులోనూ విమానాశ్రయం కౌంటర్లోనూ ఒకేలా కనబడితే అలాంటివాళ్లు దొరుకుతారు. వీసాలు, విదేశీయుల నమోదు, వారి రాకపోకల వివరాలను ఒకచోట కలిపే ఐవీఎఫ్ఆర్‌టీ వ్యవస్థ పెట్టింది అందుకే కదా. 2022లో మీ ప్రభుత్వమే దానికి సుమారు 1,365 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. విమాన సంస్థలు ప్రయాణికుల వివరాలు ముందే ఇవ్వాలని ఈ బిల్లు అనడమూ మంచిదే.

కౌంటర్ దగ్గర భయం మా తెలుగువాళ్లకు బాగా తెలుసు. 2023 ఆగస్టులో అమెరికా విమానాశ్రయాల నుంచి 21 మంది భారతీయ విద్యార్థులను వెనక్కి పంపేస్తే, వాళ్లలో చాలామంది మా పిల్లలే. ఫోన్లు వెతికారని, కారణం సరిగా చెప్పలేదని వాపోయారు. ఇక్కడి ఇళ్లలో ఎంత టెన్షనో! రేపు హైదరాబాద్‌కు వైద్యానికి వచ్చే ఏ సూడాన్ రోగినో పేరు పోలికతో శంషాబాద్‌లో ఆపేస్తే, అతను ఎవరికి చెప్పుకోవాలి? అమెరికా పాస్‌పోర్టున్న మన మనవలు కూడా చట్టం లెక్కలో విదేశీయులే.

2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వమే పిలిచిన బ్రిటన్ ప్రొఫెసర్ నితాషా కౌల్‌ను బెంగళూరు నుంచే తిప్పి పంపారు. ఆర్‌ఎస్‌ఎస్‌ను విమర్శించే ఆమె అభిప్రాయాలు మీకు నచ్చకపోవచ్చు. నాకూ కొన్ని నచ్చవు. అది భద్రతకు ముప్పా, "ఇతర కారణమా"? ఈ బిల్లు వచ్చాక ఆ ప్రశ్న అడిగే చోటే ఉండదు.

రహస్య సమాచారం బయటపెట్టమని ఎవరూ అనడం లేదు. "ఇతర కారణాలు" అన్న మాట తీసేయండి. తిప్పి పంపేటప్పుడు ఏ కారణం కిందో ఒక కాగితం మీద రాసివ్వండి. ఆ ఫైలును 48 గంటల్లో పై అధికారి ఒకరు చూసేలా, తప్పని తేలితే ప్రయాణికుడు మళ్లీ రాగలిగేలా ఒక సవరణ పెట్టండి. రాజ్యసభలో మీరు గానీ, సహాయ మంత్రి నిత్యానంద రాయ్ గారు గానీ జవాబిచ్చేటప్పుడు, ఇది చేస్తారో లేదో, చేయకపోతే ఎందుకు చేయరో చెప్పండి.

ఇట్లు,
ఒక హైదరాబాదీ
మార్చి 30, 2025