గ్రీన్ క్యాప్ ట్యూబు సంగతి: అమ్మలూకి నాన్న ఉత్తరం

అమ్మలూ,

రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలతో గుండెపోటును పట్టడం మీద నువ్వు పంపిన రీసెర్చ్ పేపర్లు ప్రింటు తీయించుకుని చదివాను. ఫోన్లో ఆ గ్రాఫులు కనిపించి చావవు. రాత్రిపూట ఆ కాగితాలేంటని మీ అమ్మ ఒకటే గొడవ. స్టాటిస్టిక్స్ సంగతి వదిలెయ్, మిగతాది బాగానే తలకెక్కింది. చివర్లో చిన్న అక్షరాలతో వేసే మెథడ్స్ భాగాన్నయితే మళ్లీ మళ్లీ చదివాను. రక్తం ఎలా తీశారు, ఎలా దాచారు, అక్కడున్నది నా పనే కదా.

"ఇంకో నాలుగైదేళ్లలో మీ ట్రోపోనిన్ మూలన పడుతుంది నాన్నా, అంతా మైక్రో ఆర్‌ఎన్‌ఏలే" అన్నావు మొన్న. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ ట్రోపోనిన్, ఇన్నాళ్లూ మేం గుండెపోటును పట్టింది దాంతోనే. అయినా నీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్ వాళ్లు మిల్లీమీటరు పొడవుండే పురుగులో 22 అక్షరాల బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్కను, అంటే మొదటి మైక్రో ఆర్‌ఎన్‌ఏని, పట్టుకున్నారు. 2024లో ఆయనకూ గ్యారీ రవ్‌కున్‌కూ నోబెల్ వచ్చింది. ఈ మధ్యలో, 2008లో, ఇవి మన రక్తంలో చెడిపోకుండా తిరుగుతుంటాయని తేలింది. విడిగా ఆర్‌ఎన్‌ఏని రక్తంలో వేస్తే ఎంజైములు కాసేపట్లో కొరికి పారేస్తాయి. ఇవి మాత్రం ప్రొటీన్లను అంటిపెట్టుకునో, కణాలు వదిలే సన్నటి కొవ్వు సంచుల్లో దూరో తప్పించుకుంటాయి.

మిర్-208ఏ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీద నీ మోజు కూడా సబబే. అది గుండె కండరపు మయోసిన్ జన్యువు లోపలే కూర్చుని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో దొరకదు. నొప్పి మొదలైన నాలుగు గంటల్లోపు వచ్చిన గుండెపోటు రోగులందరిలోనూ కనిపించిందని 2010లో చైనా వాళ్లు రాశారు. ట్రోపోనిన్ ఇంకా పెరగని వాళ్లు కూడా అందులో ఉన్నారట. బాగుంది. మరి తర్వాత వెతికినవాళ్లలో కొందరికి అది సరిగ్గా చిక్కనే లేదు, ఎందుకంటావ్?

మీ మెషీన్ల గురించి నాకు తెలీదు. ఆ ట్యూబు మెషీన్ దాకా ఎలా వస్తుందో మాత్రం బాగా తెలుసు. ఛాతీ పట్టుకుని ఒకాయన క్యాజువాలిటీకి వస్తాడు. ఈసీజీ తీస్తారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లోడింగ్ డోస్, అంటే ప్లేట్‌లెట్లను అణిచే మందులు మొదటి పెద్ద మోతాదులో, మింగిస్తారు. నరంలో సన్న గొట్టం, కాన్యులా, పెట్టి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇస్తారు. ఈ హడావుడి అంతా అయ్యాక ఎవరికో గుర్తొస్తుంది, స్టడీకి శాంపిల్ తీయాలని. అదే కాన్యులా నుంచి సిరంజితో గట్టిగా లాగుతారు. సూది తీయకుండా ట్యూబు మూతలో గుచ్చి బలంగా తోస్తారు. నురగ లేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూస్తే ప్లాస్మా పసుపుగా ఉండాల్సింది గులాబీ రంగులో ఉంటుంది. ఎర్ర కణాలు పగిలాయన్నమాట. వాటి నిండా మిర్-451, మిర్-16 ఉంటాయి. అవన్నీ వచ్చి నీ లెక్కలో పడతాయి. కంటికి గులాబీ రంగు ఆననంత కొద్దిగా పగిలినా చాలు. అందుకే 414 నానోమీటర్ల కాంతిని ప్లాస్మా ఎంత పీల్చుకుంటోందో చూడకుండా ఏ శాంపిలూ ఫ్రీజర్లో పెట్టనివ్వకు.

హెపారిన్ ఇంకా పెద్ద తలనొప్పి. లోపల హెపారిన్ ఉండే గ్రీన్ క్యాప్ ట్యూబులో తీయకూడదని మీ ల్యాబులో అందరికీ తెలిసే ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే వేరే పదార్థం వేసిన పర్పుల్ క్యాప్ వాడమనే చెబుతారు. కానీ మందు రోగి ఒంట్లోనే ఉంటే ట్యూబు మూత ఏ రంగుదైతే ఏం లాభం? మీరు ఆర్‌ఎన్‌ఏని కొలిచే పీసీఆర్ పరీక్షలోని ఎంజైములకు హెపారిన్ అడ్డుపడుతుంది, రీడింగు తగ్గిపోతుంది. కొలత సరిచూసుకోవడానికి మీరు ప్రతి శాంపిల్లోనూ ఆ పురుగు ఆర్‌ఎన్‌ఏ, సెల్-మిర్-39, కొలిచి కలుపుతారు చూడు, దాని మీదా హెపారిన్ పని చేస్తుంది. పైగా అన్ని ఆర్‌ఎన్‌ఏల మీదా ఒకేలా చేయదు. తక్కెడలో రాయి బరువే మారిపోతుంటే బియ్యం ఎంతని చెబుతాం? పోల్చడానికి తెచ్చిన ఆరోగ్యవంతుడికేమో హెపారిన్ చుక్క కూడా వెళ్లి ఉండదు. ఇక ఆ రెండు గుంపుల మధ్య కనిపించే తేడా గుండెపోటుదో, ఇంజెక్షన్‌దో ఎలా తేలుస్తావ్? హెపారిన్‌ని కొరికేసే ఎంజైము, హెపారినేజ్, వేసి కడిగే పద్ధతి ఉంది, వాడండి. అంతకంటే నయం, వీలైన చోట మందు పడకముందే రక్తం తీయడం.

ప్లేట్‌లెట్ల కథా ఇంతే. మిర్-126, మిర్-223 లాంటివి చాలావరకు వాటి నుంచే వస్తాయి. ఆస్పిరిన్ లాంటి మందులు పడితే వాటి మట్టం దిగుతుంది. ప్లాస్మాని ఒక్కసారే తిప్పి వదిలేస్తే ప్లేట్‌లెట్లు మిగిలిపోతాయి. రెండోసారి తిప్పమని టెక్నీషియన్‌ని బతిమాలుకో. రక్తం తీసిన వాళ్ల పేరు ఏ పేపర్లోనూ ఉండదు గానీ పేపరు నిలిచేదీ పడేదీ వాళ్ల చేతిలోనే.

ఇంకోటి. ట్రోపోనిన్ రిపోర్టు గంటలోపు చేతికొస్తుంది. హై సెన్సిటివిటీ రకమైతే గంట తేడాతో రెండుసార్లు చూసి తేల్చేస్తున్నారు. మీరు ఆర్‌ఎన్‌ఏ తీసి, డీఎన్‌ఏగా మార్చి, పీసీఆర్ నడిపేసరికి మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరిచే క్యాథ్ ల్యాబులో స్టెంటు పడిపోయి ఉంటుంది. ఆ పరుగులో గెలవాలని ఎందుకు? ట్రోపోనిన్‌కి చేతకానిది వేరే ఉంది. గుండె కండరం దెబ్బతిందని చెబుతుంది తప్ప ఎందుకు దెబ్బతిందో చెప్పదు. డయాలసిస్ వాళ్లలో ఊరికే ఎక్కువ ఉంటుంది, గుండె కండరపు వాపు, అంటే మయోకార్డైటిస్‌లోనూ పెరుగుతుంది. కుర్రాడొకడు ఛాతీ నొప్పితో వస్తే గుండెపోటా, వాపా అని డాక్టర్లు తల పట్టుకునేది అందుకే. మాడ్రిడ్‌లోని సీఎన్‌ఐసీ గుండె పరిశోధన సంస్థ వాళ్లు 2021లో సరిగ్గా ఈ చిక్కుముడినే పట్టుకున్నారు. ఎలుకల్లో మిర్-721 దొరికింది, దాన్ని తయారుచేసేది గుండె కాదు, వాపు పుట్టించే ఒక రకం టీ కణాలు. మనుషుల్లో దానికి సాటిదాన్ని వెతికి పట్టి, మయోకార్డైటిస్‌నీ గుండెపోటునీ వేరు చేయొచ్చని చూపించారు.

నిజంగా ఆసుపత్రుల్లోకి దిగిన ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఏదని వెతికితే నాకు దొరికింది ఆలోమ్యాప్. గుండె మార్పిడి అయినవాళ్లకి శరీరం కొత్త గుండెను తిప్పికొడుతోందేమో చూడ్డానికి మెడ దగ్గర సిరలోంచి గుండెలోకి వెళ్లి కండరం ముక్క తీసుకొస్తారు, అదే బయాప్సీ. అదీ పదే పదే. దాని బదులు రక్తంలో తెల్ల కణాల ఆర్‌ఎన్‌ఏ చూస్తుంది ఈ పరీక్ష: 11 జన్యువులు, సరిచూసుకోవడానికి ఇంకో 9. అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. 2010లో 602 మంది మీద చేసిన ట్రయల్లో ఈ పరీక్షతో నడిపినవాళ్లు బయాప్సీతో నడిపినవాళ్లకంటే నష్టపోలేదు, బయాప్సీలు బాగా తగ్గాయి. ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, రోగి అపాయింట్‌మెంటు మీద నిలకడగా నడిచొస్తాడు. నిదానంగా రక్తం తీయొచ్చు, పద్ధతి ప్రకారం వేరు చేయొచ్చు. క్యాజువాలిటీ గందరగోళం ఉండదు. మీ గైడ్‌తో ఒకసారి మాట్లాడు, గుండెపోటు మొదటి గంటను వదిలేసి హార్ట్ ఫెయిల్యూర్ ఓపీ రోగుల వైపు తిరిగే వీలుందేమో.

వీల్లేదంటే సరే, ఉన్నదాంతోనే కానివ్వండి. ముందు మీ శాంపిల్ కలెక్షన్ ఫారం తీసి చూడు. హెపారిన్ ఎన్ని గంటలకి ఇచ్చారు, రక్తం ఎన్ని గంటలకి తీశారు, నరం నుంచా కాన్యులా నుంచా, ఈ మూడింటికీ గడులు ఉన్నాయా? ఫోటో తీసి వాట్సాప్ చెయ్. లేకపోతే నేనే గీసి పంపిస్తా.

నాన్న