అక్కా, ఆ ప్రశ్నే అడిగారు!

నల్లగొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో సోమవారం స్టాఫ్ నర్సుగా చేరాను. ఈ పోస్టు మా దేవరకొండ అక్క కోసం. పేరు రాయొద్దని ఒట్టు పెట్టించుకుంది కాబట్టి రాయడం లేదు. చదివితే తనకే తెలుస్తుంది.

రెండు నెలల కింద హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకు పోయాను. "డాక్టర్ చెప్పిన వైద్యం నాకొద్దని పేషెంట్ అంటే ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. "నచ్చజెప్పి ఒప్పిస్తాను మేడం" అన్నాను. "అయినా ఒప్పుకోకపోతే?" అన్నారు. నోట మాట రాలేదు. మూడేళ్లు జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చదివి ఈ ఒక్క మాటకు జవాబు లేకపాయె అని బస్సులో ఇంటిదాకా ఏడ్చుకుంటూ వచ్చాను.

సంగతి తెలిసి అక్కే ఫోన్ చేసి రమ్మంది. వారం రోజులు నైట్ డ్యూటీ దిగి వచ్చి, నిద్ర మానుకొని నన్ను కూర్చోబెట్టింది. మొదటి రోజు జవాబులేమీ చెప్పలేదు. "మా అత్తమ్మ బీపీ గోళీ సక్కగ వేసుకుంటలేదు. ఎందుకో పోయి అడుగు" అంది, అంతే.

పెద్దమ్మ మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను పోగానే "గోళీ మానేస్తే పక్షవాతం వస్తది పెద్దమ్మా" అని మొదలుపెట్టాను. ఆమె తల కూడా ఎత్తలేదు. గడపలో నిలబడ్డ అక్క "నిన్ను అడగమన్న, చెప్పమనలే" అంది. ఈసారి పక్కన కూర్చొని, నేనూ నాలుగు కాయలు తుంచుతూ అడిగాను. చాలాసేపటికి చెప్పింది: "అది వేసుకుంటే ఊకూకె ఒంటికి పోవాలనిపిస్తది బిడ్డా. పత్తి ఏరవోతే చేను సుట్టూ మొగోళ్లే. ఏడికి పోవాలె?" ఆ గోళీలో మూత్రం ఎక్కువ వచ్చే మందు కలిసి ఉంది. కూలికి పోయే రోజల్లా మానేస్తోంది. డాక్టర్ గారికి ఈ మాట చేరాక గోళీ మార్చారు.

అక్క అనుభవమంతా ఆ వారంలో నాకు పోసింది. నాకు బాగా గుర్తున్నది 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఒకామెకు పరీక్ష కోసమని మత్తు ఇచ్చారు, ఆమె మత్తులో ఉండగానే బయట తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయమేమీ లేనప్పుడు పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదని, తెలివిలోకి వచ్చాక ఆమెనే అడగాల్సిందని కోర్టు చెప్పింది. మనం రోజూ కొడుకుతోనో భర్తతోనో సంతకం పెట్టించి చేతులు దులుపుకుంటాం కదా, అప్పటినుంచి నాకు ఆ కాగితం చూస్తేనే భయం.

నల్లగొండ ఇంటర్వ్యూలో కేసు ఇట్లా ఇచ్చారు: షుగర్ పుండు ముదిరింది, కాలివేలు తీసేయాలని సర్జన్ రాశారు, పేషెంట్ ఇంటికి పోతానంటున్నాడు. ముందుగా ఆయన తెలివితోనే మాట్లాడుతున్నాడా అని చూస్తానని, షుగర్ పడిపోయినా మనిషి తికమకపడతాడు కాబట్టి చెక్ చేస్తానని చెప్పాను. తర్వాత ఎందుకు వద్దంటున్నాడో అడిగి, ఆయన మాటల్లోనే నోట్స్‌లో రాసి, డాక్టర్ గారిని మళ్లీ వచ్చి మాట్లాడమంటానని చెప్పాను. ఆపరేషన్ సంగతి వివరించి సమ్మతి తీసుకోవాల్సింది డాక్టర్ గారే.

"అప్పటికీ పోతానంటే?" అదే ప్రశ్న! అరచేతులు చెమటలు పట్టాయి గానీ మాట ఆగలేదు. "లామా ఫారం (డాక్టర్ వద్దన్నా నా ఇష్టంతోనే పోతున్నానని రాసిచ్చే కాగితం) మీద సంతకం తీసుకుంటాం మేడం. సంతకం అయింది కదా అని ఊరికే పంపను. మందులు, డ్రెస్సింగ్ సంగతి చెప్తాను. వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మని, వస్తే కోప్పడకుండా చూస్తామని చెప్తాను."

"ఆ సూది నాకు పడదు, వద్దు అంటే?" అని ఇంకోటి అడిగారు. సిరంజి పక్కన పెట్టి, పోయినసారి ఏమైందో కనుక్కొని డాక్టర్‌కు చెప్పేదాకా వేయనన్నాను. మేడం పెన్ను కింద పెట్టి తలూపారు.

అక్కా, నీ నిద్రంతా నాకిచ్చావు. చాలా చాలా థాంక్స్. మొదటి ఆఫ్ రాగానే దేవరకొండ వస్తున్నా. కొత్త గోళీ పడుతోందా లేదా పెద్దమ్మను నేనే అడుగుతా.