నవంబరులో ఇస్తానన్న స్ట్రాబెర్రీలు జనవరిలో ఎందుకొచ్చాయంటే

సీజన్ బాక్సులకు ముందుగా డబ్బు కట్టిన 214 ఇళ్ళవాళ్ళకు నమస్కారం.

ఆగస్టులో నేను పెట్టిన మెసేజ్ మీలో చాలామంది ఫోన్లలో ఇంకా ఉండే ఉంటుంది. నవంబరు చివరి వారం నుంచి మార్చి ఆఖరు దాకా పండు ఇస్తానన్నాను. వెయ్యి రూపాయలకు 200 గ్రాముల బాక్సులు ఎనిమిది అన్నాను. మందు కొట్టని పండు అని కూడా రాశాను, పక్కన ఆకుపచ్చ గుండె బొమ్మ పెట్టి మరీ. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిలబడలేదు. మొదటి బాక్సు జనవరి 6న బయలుదేరింది, రెండోది 13న. పండగ తర్వాత ఒక వారం అసలు పంపలేదు. ఫోన్ చేసినవాళ్ళకు "ఈ వారం వస్తాయండీ" అని దాటేశాను. రోజూ అదే మాట చెప్పి చెప్పి నాకే సిగ్గేసింది. అందుకే ఏం జరిగిందో కూర్చుని రాస్తున్నా.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది కావలి నుంచి ఉదయగిరి వెళ్ళే రోడ్డు పక్కన పది సెంట్ల టన్నెల్. విల్లులా వంచిన జీఐ పైపుల మీద 200 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు కప్పి ఉంటుంది. రెండు పక్కలా షీటును పైకి చుట్టుకోవచ్చు. ఫ్యాన్లు లేవు, తడి ప్యాడ్లు లేవు. లోపల నడుమెత్తు స్టాండ్ల మీద కొబ్బరి పొట్టు నింపిన సంచులు, వాటిలో మొక్కలు, డ్రిప్పులో ఎరువు నీళ్ళు. నిరుడు 300 మొక్కలతో మొదలుపెడితే బాగా కాశాయి. ఆ ధైర్యంతో ఈ ఏడు 3,000 పెట్టాను. నిరుటి మూడు వందలను పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాననే సంగతి మాత్రం మర్చిపోయాను.

మొదటి దెబ్బ నా తొందర వల్ల తగిలింది. మొక్కలు అక్టోబరు 8న వచ్చాయి. కొండ ప్రాంతం నుంచి చల్లటి పెట్టెలో వచ్చిన మొక్కలు. ఆ రోజు టన్నెల్లో మధ్యాహ్నం 36 డిగ్రీలు. దీపావళి దాకా ఆగి తెప్పించుకుంటే సరిపోయేది. కానీ నవంబరు అని మీకు చెప్పేశాను కదా! నాటిన పది రోజుల్లో 400 మొక్కలు వాడిపోయాయి. నిజానికి నాటిన దగ్గర్నుంచి మొదటి పండుకు రెండు నెలలు పడుతుంది. అంటే అన్నీ సవ్యంగా జరిగినా డిసెంబరు మొదటి వారమే. నవంబరు అన్నప్పుడే నా లెక్క తప్పు.

అసలు ఈ పంట మన నేల మీద పుట్టింది కాదు. స్ట్రాబెర్రీకి పేరున్న మహారాష్ట్ర కొండ ఊరు మహాబలేశ్వరం సముద్రమట్టానికి దాదాపు 1,350 మీటర్ల ఎత్తున ఉంది. మన రాష్ట్రంలో స్ట్రాబెర్రీ పండే లంబసింగి కూడా కొండమీది ఊరే. మేం వేసిన వింటర్ డాన్ రకం పగటి పొద్దు తగ్గి, రాత్రి చల్లబడితేనే పూమొగ్గ కడుతుంది. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటల చిల్లరే కాబట్టి పొద్దుతో పేచీ లేదు. చలితోనే పేచీ. రాత్రి 15, 18 డిగ్రీలుంటే సంతోషపడే మొక్కకు కావలి డిసెంబరు 20, 21 దగ్గర ఆగిపోతుంది. అందుకని మూతపడ్డ పాలకేంద్రం నుంచి చల్లబరిచే పాత యంత్రం, చిల్లర్, ఒకటి కొన్నాను. దానితో చల్లబరిచిన నీళ్ళను మొక్కల మొవ్వులను ఆనుకుని వెళ్ళే సన్నటి పైపులో రాత్రంతా తిప్పుతాం. పూమొగ్గ పుట్టేది మొవ్వులోనే. టన్నెల్లో గాలినంతా చల్లబరచలేకపోయినా మొవ్వును చల్లబరిస్తే చాలావరకు పని జరుగుతుంది. కరెంటు బిల్లు సంగతి మాత్రం మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

ఇక రెండో దెబ్బ. ఇది చెప్పడానికే నాకు కష్టంగా ఉంది.

స్ట్రాబెర్రీకి ఉప్పు పడదు. ఎరువు నీళ్ళలో లవణాలు ఎంత ఉన్నాయో ఈసీ అని పెన్ను లాంటి మీటరుతో కొలుస్తాం. ఈ మొక్కకు 1 నుంచి 1.4 దాకా ఉంటే హాయి. మా బోరు నీళ్ళు ఏమీ కలపకముందే 1.8 చూపిస్తాయి, కాబట్టి వాటిని ఆర్వోలో పట్టి, తర్వాత ఎరువు కలుపుతాం. నవంబరు 14 నుంచి మీటరు రోజూ బుద్ధిగా 1.2 చూపిస్తోంది. ఆకుల అంచులు మాత్రం మాడుతున్నాయి. క్యాల్షియం తక్కువైందనుకుని ఇంకాస్త క్యాల్షియం నైట్రేట్ కలిపాను. ఇంకా మాడాయి. వేరుకుళ్ళేమోనని రెండు సంచులు కోసి చూశాను. వేర్లు తెల్లగానే ఉన్నాయి, కొసలు మాత్రం గోధుమరంగుకు తిరిగాయి. తొమ్మిదో రోజు రాత్రి నిద్రపట్టక లేచి, మీటరును సరిచూసే ద్రావణం సీసా వెతికి అందులో ముంచాను. 1.413 చూపించాల్సిన చోట 0.82 చూపించింది. అంటే నేను 1.2 అనుకుని పెట్టిన నీళ్ళు నిజానికి 2 దాటాయి. తొమ్మిది రోజుల పాటు మొక్కలకు ఉప్పునీళ్ళు తాగించాను.

నేను అంతకుముందు పదేళ్ళు రొయ్యల చెరువుల్లో పనిచేశాను. పొద్దున లేవగానే ఉప్పు శాతం చూడటమే నా ఉద్యోగం. వారానికోసారి మీటరు సరిచూసుకోమని కుర్రాళ్ళను తిట్టినవాణ్ణి. నా మీటరును మాత్రం కొన్ననాటి నుంచి ఒక్కసారీ సరిచూడలేదు.

సంచులన్నిటినీ రెండు రోజులు మంచినీళ్ళతో కడిగాం. మాడిన ఆకులు తీసేశాం, అప్పటికే వచ్చిన పూత, పిందె అంతా గిల్లేశాం. మా అమ్మ ఆ పూలను కొంగులో పోసుకుని వెళ్ళి దేవుడి దగ్గర పెట్టింది. ఇంకో 300 మొక్కలు పోయాయి. మిగిలింది 2,300. వాటికి మళ్ళీ పూత డిసెంబరు మొదటి వారంలో వచ్చింది. పువ్వు పండవడానికి నెల పడుతుంది. జనవరి 6 అలా వచ్చింది.

నీళ్ళ గురించి ఇంకో మాట. ఇలా మట్టి లేకుండా పెంచే హైడ్రోపోనిక్స్‌లో నీళ్ళు ఆదా అని నేనే చాలామందికి చెప్పాను. మొక్క వరకు అది నిజం. మాకు రోజుకు 600 లీటర్లు చాలు. కానీ ఆర్వో ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి దాదాపు ఇంకో లీటరు ఉప్పునీళ్ళు బయటికి తోస్తుంది. వాటిని కొబ్బరిచెట్లకు పెడుతున్నాం. కొబ్బరి కాబట్టి ఓర్చుకుంటోంది. ఈ ఏడు దీనికో దారి దొరికింది. మనకు వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానే. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వానలకు భయపడే షీటు కప్పాను. ఆరుబయట అయితే ఒక్క ముసురుకే పండంతా బూజు పట్టిపోతుంది. ఆ షీటు మీద పడ్డ నీళ్ళు మాత్రం ఇన్నాళ్ళూ కాలవలోకే పోయేవి. మా షీటు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 40,000 లీటర్లు, అంటే మొక్కలకు రెండు నెలలకు సరిపడా తియ్యటి నీళ్ళు. డిసెంబరులో గుంత తవ్వి షీటు పరిచాం. అప్పటికి వానలు దాదాపు అయిపోయాయి. సగమే నిండింది. నాకు ఏ పనీ టైముకు జరగదని మా ఆవిడ అనేది ఇందుకే.

వంకర పండ్ల గురించి చాలామంది అడిగారు. మాగుంట లేఅవుట్ నుంచి ఒకమ్మ ఫొటో పంపి, "ఏంది నాయనా ఇది, కోడిజుట్టు లాగుంది" అన్నారు. స్ట్రాబెర్రీ పైన నువ్వుగింజల్లా కనిపిస్తాయే, నిజమైన కాయలు అవే. పరాగం అందిన గింజ చుట్టూ కండ ఉబ్బుతుంది, అందని చోట నొక్కుకుపోతుంది. డిసెంబరు ముసురు రోజుల్లో పక్క షీట్లు దించేస్తే తేనెటీగలు పెట్టెలోంచి బయటికి రాలేదు. మేం పెయింటింగ్ బ్రష్షులు పట్టుకుని పువ్వు పువ్వుకూ తిరిగాం కానీ ఈగ చేసే పని మనిషి చేతికి ఎక్కడ వస్తుంది! వంకర పండుకు రుచిలో తేడా ఏమీ ఉండదు. అయినా బాక్సుల్లో అవి మూడో వంతుకు మించి ఉంటే చెప్పండి.

రుచి. "చింతకాయలకు ఎర్రరంగేసి పంపినావా అన్నా?" అని నెల్లూరు కుర్రాడొకడు పెట్టిన మెసేజ్‌కు మా ఇంట్లో అందరూ నవ్వారు, నేను తప్ప. మొదటి బాక్సు పుల్లగా ఉన్న మాట నిజం. తీపి కొలిచే బ్రిక్స్ మీటరులో 6 వచ్చింది. ఇప్పుడు 8 వస్తోంది. మొక్క పగలు చేసుకున్న చక్కెరను రాత్రి వేడిగా ఉంటే తనే ఖర్చు పెట్టుకుంటుంది, పండుకు మిగిలేది తక్కువ. పైగా ఇది మామిడి, సపోటా లాంటిది కాదు. కోశాక మగ్గదు. డబ్బాలో ఇంకాస్త ఎర్రబడుతుందే కానీ తీపి పెరగదు. మొదటి కోతలో, ఆలస్యమైందన్న కంగారులో, తొడిమ దగ్గర భుజం తెల్లగా ఉన్న పండ్లు కూడా కోసేశాను. ఇప్పుడు పూర్తిగా ఎర్రబడ్డాకే కోస్తున్నాం. అందుకే పండు కాస్త మెత్తగా వస్తుంది, రెండు రోజుల్లో తినేయాలి. కొండమీది తీపి కావాలంటే మహాబలేశ్వరం పండో లంబసింగి పండో కొనుక్కోండి. నాది ఆ తీపికి చేరదు. తెల్లవారుజామున కోసింది అదే పూట మీ ఇంటికి వస్తుంది, నేను ఇవ్వగలిగింది ఆ వాసన, ఆ తాజాదనం.

ఇప్పుడు మందు సంగతి. కనుమ వెళ్ళాక ఆకుల అడుగున ఎర్రనల్లి కనిపించింది. షీటు కింద వాన తగలదు, పొడిగా, వెచ్చగా ఉంటుంది, దానికి అంతకంటే ఏం కావాలి! నీళ్ళు జోరుగా కొట్టి చూశాం, వేపనూనె కొట్టాం. నాలుగు వరసలకు పాకింది. చివరికి నల్లి మందు కొట్టాను. సీసా మీద కోతకు ముందు ఆగాల్సిన రోజులు ఎన్ని రాశారో అన్నీ ఆగి, పైన ఇంకో రెండు రోజులు ఆగాం. ఆ మధ్యలో పండిన పండంతా కోసి గుంతలో పూడ్చాం. ఒక వారం బాక్సు రాకపోవడానికి కారణం ఇదే. స్టిక్కరు మీద "మందులు లేని" అన్న మాటను నల్ల స్కెచ్‌తో కొట్టేస్తున్నాం. కొత్త స్టిక్కర్లు వచ్చేదాకా ఆ గీత అలాగే కనిపిస్తుంది. పనిలో పనిగా ఇంకోటి. మట్టి లేకుండా పెంచుతామంటే ఎరువులు కూడా ఉండవని కొందరు అనుకుంటున్నారు. క్యాల్షియం నైట్రేట్, పొటాష్, మెగ్నీషియం సల్ఫేట్ అన్నీ కొట్లో కొన్నవే, మేమే తూచి కలుపుతాం. ఇది ఆర్గానిక్ కాదు. నేనెప్పుడూ ఆ మాట వాడలేదు కానీ, మీలో ఎవరైనా అలా అంటే సరిదిద్దనూ లేదు.

డిసెంబరులో ఒక వ్యాపారి ఫోన్ చేసి, "మహాబలేశ్వరం సరుకు దింపుతా, నీ స్టిక్కరేసుకో, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేసుకున్న మాట వాస్తవం. 214 ఇళ్ళు, ఇంటికి రెండు బాక్సులు, ఎంతవుతుందీ అని. పొద్దున్నే వద్దని చెప్పేశాను. ఇది ఎందుకు రాస్తున్నానంటే, "ఈ బాక్సులో పండ్లు మీవేనా" అని ఇద్దరు అడిగారు. మావే. కోడిజుట్లు చూస్తే తెలియడంలా?

డబ్బు లెక్క. మిగిలిన మొక్కల మీద మొక్కకు 120 గ్రాములు వస్తే గొప్ప. అంటే మొత్తం 276 కిలోలు. మీకు మొత్తం ఇస్తానన్నది 342 కిలోలు. ఫిబ్రవరి నెలాఖరుకు ఎండ ముదురుతుంది, పండు చిన్నదై మెత్తబడుతుంది, దాన్ని మీకు పంపి డబ్బు తీసుకోవడం నాకిష్టం లేదు. కాబట్టి ఇంటికి ఐదు బాక్సులు. రెండు అందాయి, ఇంకో మూడు ఫిబ్రవరి 20 లోపల అందుతాయి. మిగతా మూడు బాక్సుల డబ్బు 375 రూపాయలు వెనక్కి ఇస్తాను. అందరికీ కలిపి 80,250 అవుతుంది. ఒక్కసారే ఇవ్వలేను. ఫిబ్రవరిలో సగం మందికి, మార్చి 15 లోపల మిగతా సగానికి వేస్తాను. ఎవరికైనా ముందే కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి, మీ పేరు పైకి జరుపుతాను. మీ బాకీ తీరేదాకా రోడ్డుమీద అమ్మకం లేదు. దారిలో ఆగేవాళ్ళు దయచేసి ఏమనుకోవద్దు.

మార్చిలో మొక్కలు తీసేస్తాం. ఏప్రిల్, మే నెలల్లో షీటు కిందకి మనిషే వెళ్ళలేడు. షీటు విప్పి షేడ్‌నెట్ కట్టి, వానల దాకా కొత్తిమీర, పాలకూర వేద్దామని ఉంది. వచ్చే ఏడు స్ట్రాబెర్రీ పెడతాను, 1,500 మొక్కలే. ముందు డబ్బు తీసుకోను, బాక్సు చేతికొచ్చిన రోజే ఇవ్వండి. మొదటి పండు జనవరిలో అనే చెప్తాను. డిసెంబరులో వస్తే మీ అదృష్టం.

బాక్సు రాగానే పండ్లు కడిగి ఫ్రిజ్జులో పెట్టకండి, తడికి బూజు పడతాయి. తినేముందు కడుక్కోండి. ఖాళీ డబ్బాలు పారేయకుండా ఉంచితే, వచ్చే బాక్సు తెచ్చే కుర్రాడు తీసుకెళ్తాడు. కోవూరు వాళ్ళకు ఈసారి శుక్రవారం బదులు శనివారం వస్తాయి, బండి టైరు మార్చాలి.