మార్చిలో దిగే కోడిపిల్లల గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

ఇదే విషయం మీద కన్నడంలో మూడు అర్జీలు ఇచ్చాం. మూడింటి మీదా ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. మా కన్నడ వ్యాకరణంలోనే ఏదో లోపం ఉందేమోనని ఈసారి ఇంటి భాషలో, నలుగురికీ కనబడేలా రాస్తున్నాం. హొసకోటె దాటి కోలారు దారి పట్టినా, దేవనహళ్లి దాటి చిక్కబళ్లాపురం వైపు పోయినా, బడిలో కన్నడం ఇంట్లో తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పనక్కర్లేదు. ఎన్నికలప్పుడు ఆ లెక్క అన్ని పార్టీల దగ్గరా ఉంటుంది.

పథకం మీకు తెలిసిందే: పల్లె యువజన సంఘాలకు కోడిపిల్లలు, పుట్టగొడుగుల విత్తనం, మోటారు రిపేరు సామాను లాంటివి పెట్టెల్లో పంపి పని నేర్పించడం. యువజన సంఘాల పిల్లలు చేతులతో ఒక పని చేస్తూ, ఆ పనిలోనే లెక్క, మాట, ఓర్పు నేర్చుకోవాలన్న మాట మీ మార్గదర్శకాల మొదటి పేజీలోనే ఉంది. ఆ మాటతో మాకు పేచీ లేదు. మా గొడవంతా ఒక్క నెలతోనే. ఆ నెల మార్చి.

ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. తర్వాత ఫైలు ఏ బల్లల మీద ఎండకాస్తుందో, ఏ బల్లల కింద వానకు దాక్కుంటుందో మాకు తెలియదు. సామాను మాత్రం ఏటా మార్చి రెండో వారంలోనో మూడో వారంలోనో దిగుతుంది. 31వ తేదీలోగా ఖర్చు చూపించాలి, వినియోగ పత్రం ఇవ్వాలి, ఫోటోలు పంపాలి. బ్యానరుకైతే ఈ గడువు సరిపోతుంది. కోడిపిల్లకు సరిపోదు.

ముందు సంఘం సభ్యుల సంగతి చూడండి. 15 నుంచి 18 ఏళ్ల వాళ్లే ఎక్కువ. మార్చి అంటే వాళ్లకు సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) పరీక్షలు, ఆ వెనకే ఎస్సెస్సెల్సీ (పదో తరగతి). సరిగ్గా ఆ వారాల్లో ఒక్కో సంఘానికి 20 కోడిపిల్లలు, ఒకరోజు వయసువి, అట్టపెట్టెలో వస్తాయి. రాత్రి పదింటికీ, రెండింటికీ, తెల్లవారుజామున ఐదింటికీ లేచి చూడాల్సిన వయసు అది. పరీక్ష రాసే పిల్లాడు లేవడు, లేవకూడదు కూడా. వాళ్లమ్మ లేస్తుంది. ఆవిడకు కోళ్లు పెంచడం ముందే వచ్చు. అంటే మీ పథకం వచ్చినవాళ్లకే మళ్లీ నేర్పి, రానివాళ్లను పరీక్ష హాలులో కూర్చోబెడుతోంది.

ఇక పెట్టెలో వచ్చే సామాను. మేత తొట్టి ఒకటి, నీళ్ల తొట్టి ఒకటి, దాణా 5 కిలోలు, అంగుళం కన్నుల వల కొంత, టోపీలు, బల్బు. ఆ బల్బు 9 వాట్ల ఎల్‌ఈడీ.

దీని దగ్గర కాస్త ఆగాలి సార్. బ్రూడర్‌లో, అంటే కోడిపిల్లలను వెచ్చగా ఉంచే గూట్లో, బల్బు పెట్టేది వెలుతురు కోసం కాదు, వేడి కోసం. ఒకరోజు పిల్లకు మొదటి వారం ఒంటి ఎత్తున 35 డిగ్రీలు కావాలి. ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మామూలు తీగ బల్బు తినే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఇంటి దీపానికి అది దుబారా, కోడిపిల్లకు అదే ప్రాణం. లెక్క పిల్లకు రెండు వాట్లు. 20 పిల్లలకు 40 వాట్లు చాలాలి గానీ, మా వైపు రాత్రి చలికి 60 వాట్లు పెట్టడం మంచిది. ఒకే పెద్ద బల్బు కంటే 40 వాట్లవి రెండు పెడితే ఇంకా మేలు, ఒకటి పోయినా రెండోది తెల్లారేదాకా నిలబెడుతుంది. ఎల్‌ఈడీ కింద పిల్లలకు వచ్చేది తెల్లటి వెలుగు మాత్రమే. ఆ వెలుగులో చదువుకోవడానికి వాటికేమీ పరీక్షలు లేవు కదా.

ఈ మాట చెబితే కింది అధికారి ఒకరు, "మార్చిలో ఎండలేగా, ఇంకా వేడెందుకు?" అన్నారు. పగలు నిజమే. కానీ బెంగళూరు చుట్టుపక్కల మార్చి రాత్రి 20 డిగ్రీల దాకా దిగుతుంది. మధ్యాహ్నం రేకు షెడ్డులో ఉడికిన పిల్ల అర్ధరాత్రి వణుకుతుంది. దానికి కరెంటు పోవడం తోడైతే పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పొద్దున చూస్తే అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చి ఉంటాయి. చలికి చచ్చాయని రాసుకుంటారు. నిజానికి వాటిని చంపింది మూల. అందుకే బ్రూడర్‌కు మూలలు ఉండకూడదు. అడుగున్నర ఎత్తు అట్టనో రేకునో నాలుగడుగుల వెడల్పున గుండ్రంగా చుట్టి, లోపల రెండంగుళాల మందాన వరి ఊక పరిచి, మొదటి మూడు రోజులు దాని మీద న్యూస్‌పేపరు వేయాలి. లేకపోతే పిల్లలు ఊకనే గింజలనుకుని మింగుతాయి. బల్బు అడుగు, అడుగున్నర ఎత్తున వేలాడాలి. కరెంటు పోయే ఊళ్లలో సీసాలో చేయి పట్టగలిగినంత వేణ్నీళ్లు పోసి, గోనెపట్టా చుట్టి మధ్యలో పెట్టుకోవాలి. ఇందులో అట్ట, ఊక, పాత పేపరు, సీసా ఊళ్లోనే ఉంటాయి. లేనిది బల్బొక్కటే. మీరు పంపాల్సింది దాన్నే, మీరు తప్పు పంపిందీ దాన్నే.

బల్బు ఎత్తు సరిపోయిందో లేదో థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కిందే గుంపుగా ముడుచుకుంటే చలి. గోడ వెంబడి దూరంగా జరిగి ముక్కు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే అవతలి పక్క నుంచి గాలి కొడుతోందని. గుండ్రమంతా చెదిరి, తింటూ, కిచకిచమంటూ ఉంటే సరిగ్గా ఉందని. 16 ఏళ్ల పిల్లకో పిల్లాడికో ఇది చూపించి, "ఏం చేద్దాం?" అని అడిగి, తాడు రెండంగుళాలు పైకి లాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడమంటే, మీ మార్గదర్శకాల్లో రెండు పేజీలు నిండిన జీవన నైపుణ్యాలన్నీ ఆ పావుగంటలో ఉన్నాయి. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. పావుగంట తీరిక కావాలి. మార్చిలో లేనిది అదే.

దాణా లెక్క కూడా వినండి. మొదటి వారం పిల్లకు రోజుకు పది, పన్నెండు గ్రాములు. రెండో వారం ఇరవై దాకా. రెండు వారాలకు 20 పిల్లలు నాలుగు కిలోల పైచిలుకు తింటాయి. మూడో వారం ఒక్కోటి 30 గ్రాములకు వస్తుంది, అంటే రోజుకు 600 గ్రాములు. మీ 5 కిలోల సంచి పదిహేనో రోజుకో పదహారో రోజుకో ఖాళీ. మీరు పంపే గిరిరాజ రకం పిల్ల తన తిండి తాను వెతుక్కునే వయసుకు రావాలంటే ఆరు వారాలన్నా నడవాలి. మిగిలిన నాలుగు వారాలు ఎవరు పెట్టాలన్నది మార్గదర్శకాల్లో లేదు. అప్పటికి వినియోగ పత్రం మీ కార్యాలయానికి చేరి ఉంటుంది గనుక బహుశా ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు.

గిరిరాజ మీద మాకు చిన్నచూపు లేదు. హెబ్బాళ పశువైద్య కళాశాలలో పుట్టిన రకం, మన పెరళ్లకు అలవాటైంది, రంగుల ఈకలతో నాటు కోడిలా ఉంటుంది గనుక సంతలో ధర పలుకుతుంది. రకం ఎంపికలో ఎవరో తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లనే బల్బు కూడా ఎంచమని ఉంటే బాగుండేది.

టీకాలు. పెట్టెలో అవి లేవు, ఉండవు కూడా, ఎందుకంటే రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కొక్కెర తెగులుకు ఐదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజు గంబోరో అనే మరో తెగులుకు. ఇరవై ఎనిమిదో రోజు కొక్కెరకు మళ్లీ ఒకసారి. ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. చిన్న సీసా అన్నా అందులో 100 డోసులు ఉంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. మరి ఒక సంఘం దగ్గర ఉన్నవి 20 పిల్లలే. కాబట్టి ఐదు ఊళ్ల సంఘాలు ఒకే రోజు పిల్లలను దించుకుంటే, ఒకే పొద్దున, ఐస్ వేసిన ఫ్లాస్కుతో ఒక బండి మీద, పొద్దెక్కకముందే ఐదు ఊళ్లూ తిరిగి ఒకే సీసా ముగించవచ్చు. ఎవరు తెస్తారు, ఎవరు ముందు, ఎవరి పిల్లలు తొమ్మిదో రోజులో ఉండి ఆలస్యమయ్యాయి, డబ్బు ఎలా పంచుకోవాలి, ఇవన్నీ సంఘం పిల్లలే కూర్చుని తేల్చుకోవాలి. ఇంతకంటే మంచి పాఠం మేం తయారుచేయలేం. కానీ మీ లారీ ఒక ఊరికి 12న, పక్క ఊరికి 19న, మూడో ఊరికి 27న వస్తుంది. ఐదు ఊళ్లకు ఐదు సీసాలు, ఒక్కోదాంట్లో 80 డోసులు నేలపాలు. టీకా మానేసిన సంఘాలే ఎక్కువ. ఆపైన ఏప్రిల్, మే ఎండల్లో కొక్కెర వస్తే మెడ వంకరలు తిరిగి, ఆకుపచ్చ విరేచనమై, రెండు మూడు రోజుల్లో షెడ్డు ఖాళీ. "మా ఊరి పిల్లలకు ఓపిక లేదు" అని పెద్దలు అనేస్తారు. నింద మాత్రం పిల్లలకు.

వల గురించి ఒక్క మాట. అంగుళం కన్నులోంచి ఎలుక వస్తుంది, చిన్న పాము వస్తుంది, ఒకరోజు పిల్ల తల కూడా బయటికి వస్తుంది. కింద రెండడుగుల మేర అరంగుళం వల కావాలి. ఖరీదు తేడా ఎంతో మీ కొనుగోలు విభాగానికి తెలిసే ఉంటుంది.

మిగతా పనుల పెట్టెలు కూడా మార్చిలోనే. పుట్టగొడుగుల విత్తనం వస్తుంది. ముత్యపు పుట్టగొడుగుకు 20 నుంచి 28 డిగ్రీలు కావాలి, ఏప్రిల్ గదిలో సంచుల మీద పచ్చ బూజే పెరుగుతుంది. మోటారు రిపేరు పెట్టెలో టెస్టరు ఉంటుంది, స్క్రూడ్రైవర్లు ఉంటాయి, విప్పడానికి మోటారు ఉండదు.

1902లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, ఎ.బి. గ్రాహం అనే బడి పర్యవేక్షకుడు పల్లె పిల్లలతో వ్యవసాయ సంఘం పెట్టాడు. తల, గుండె, చేతులు, ఆరోగ్యం అన్న నాలుగు మాటల మీద తర్వాత పెరిగిన 4-హెచ్ సంఘాలకు మొదలు అదేనంటారు. మీ మార్గదర్శకాల వాసన చూస్తే రాసినవాళ్లు అది చదివారనే అనిపిస్తుంది. గ్రాహం సంఘం పిల్లలు జనవరిలోనే కూడారు గానీ మొక్కజొన్నను మంచులో నాటలేదు. నేల వెచ్చబడేదాకా ఆగారు. పిల్లలకు పని నేర్పాలంటే ముందు పెద్దలు పనికి ఒక కాలం ఉంటుందని ఒప్పుకోవాలి సార్.

మేం అడిగేది కొత్త డబ్బు కాదు. అదే డబ్బు జూన్ మొదటి వారంలో ఇవ్వండి. పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఎండ తగ్గి ఉంటుంది. వానకు ఊక తడిసి రక్తపు విరేచనాలు వచ్చే ప్రమాదం ఉందని మాకు తెలుసు. ఊక రోజూ తిరగేయడం, ముద్ద కట్టిన చోట తీసేసి కొత్తది వేయడం, నీళ్ల తొట్టిని ఇటుక మీద ఎత్తి పెట్టడం, ఇవి నేర్పగలిగిన పనులు. పరీక్షలు వాయిదా వేయడం మా చేతిలో లేదు. జూన్‌లో దించిన పిల్ల నవంబరు, డిసెంబరుకల్లా మొదటి గుడ్డు పెడుతుంది. దాణా ఎంత, చచ్చినవి ఎన్ని, ఎందుకు, అమ్మింది ఎంతకు, మిగిలింది ఎంత అన్న లెక్కల పుస్తకం ఫిబ్రవరికి నిండుతుంది. అప్పుడు మీ మార్చి 31 మాకూ ఇష్టమైన తేదీయే అవుతుంది.

ఆ లెక్కల పుస్తకాన్ని నివేదికగా తీసుకోండి. ఇప్పుడు మీ ఫారంలో ఉన్నవి హాజరైనవారి సంఖ్య, ముఖ్య అతిథి పేరు, ఫోటోలు నాలుగు. పిల్లలు బతికాయా లేదా అని అడిగే గడి ఒక్కటి కూడా లేదు. జూన్‌లో ఇవ్వలేకపోతే, ఖర్చు కాని డబ్బును తర్వాతి ఏడాదికి వాడుకోనివ్వండి. అదీ కుదరదంటే కోళ్లు వద్దు, ఆ మార్చిలో చేయదగిన పనే ఇవ్వండి. అదీ కాదంటే కనీసం ఐదేసి ఊళ్లకు ఒకే రోజు దించండి. అదీ కష్టమైతే బల్బు మార్చండి. ఎంత కిందికి దిగి అడుగుతున్నామో మీరే చూడండి.

ఇట్లు,
బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లో యువజన సంఘాలకు పని నేర్పే స్వచ్ఛంద శిక్షకులు

తా.క.: ఈసారి ప్రారంభోత్సవం ఉంటే పిల్లల పెట్టెలను వేదిక పక్కన ఎండలో పెట్టకండి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు కడుపులోని పచ్చసొన రెండు రోజులు ఆసరా ఇస్తుంది గానీ దాహానికి పనికిరాదు. దించిన వెంటనే బెల్లం నీళ్లలో ఒక్కో పిల్ల ముక్కు ముంచి తాగడం చూపాలి. 20 పిల్లలకు పది నిమిషాల పని. ముఖ్య అతిథి రాక ఆలస్యమైతే ఆ పది నిమిషాలు ముందే మాకు ఇప్పించండి.